రౌతు కొద్దీ గుర్రము

“రౌతు కొద్దీ గుర్రము” అని తెలుగువారు చిరకాలముగా చెప్పుకొనుచున్న మాట. గుర్రము ఒకటే అయినను ఎక్కినవానిని బట్టి దాని నడక మారునని దాని భావము. గుర్రమునకు ప్రాణము కలదు. ఎక్కినవాని బరువును, జంకును, చేతి పట్టును అది తానే గ్రహించి నడకను సరిచేసికొనును. యంత్రమునకు ఆ గ్రహింపు లేదు. తనపై ఎక్కినవాడు ఎవడో దానికి మనిషియే చెప్పవలెను. చెప్పనిచో ఏమి జరుగునో తెలిసికొనుటకు అమెరికాలోని ఇసుక తిన్నెలు మంచి నిదర్శనము.

కాలిఫోర్నియా రాష్ట్రపు ఆగ్నేయ భాగమున, మెక్సికో సరిహద్దునకు చేరువలో ఇంపీరియల్ ఇసుక దిబ్బలు అను ప్రదేశము కలదు. 60 కిలోమీటర్లకు పైగా సాగిన ఆ దిబ్బలపై చలికాలపు సెలవు దినములలో వేలకొలది జనులు విడిది చేయుదురు. వారు వెంట తెచ్చుకొను వాహనములలో ‘స్పోర్ట్ క్వాడ్’ అనునది ఒకటి. అది నాలుగు లావుపాటి చక్రములు, మోటారు సైకిలు వంటి సీటు, హ్యాండిలు గల పందెపు బండి. ఒక తండ్రి ఉదయమంతయు దానిని నడిపి, మధ్యాహ్నము పదునేడేండ్ల కుమారునికి ఇచ్చెననుకొందము. తండ్రి బరువు 95 కిలోలు. కుమారుని బరువు 55 కిలోలు. తండ్రి సునాయాసముగా దాటిన దిబ్బనే కుమారుడును దాటబోవును. శిఖరము దాటగనే బండి వెనుక భాగము ఎగిరి, కుర్రవానిని హ్యాండిలు మీదుగా ముందునకు త్రోయును. చూచినవారు “పిల్లవానికి ఇంకను నేర్పు చాలలేదు” అందురు. నేర్పు చాలకపోవుట నిజమే కావచ్చును. కాని తప్పులో కొంత భాగము సీటు క్రింద ఒక స్ప్రింగు చుట్టును బిగించిన ఉంగరమునందు కలదు. ఆ ఉంగరము తండ్రి బరువునకు బిగించినది. దానిని ఎవరును త్రిప్పలేదు.

కారులో ఒకటి, క్వాడ్‌లో ఒకటి

మనిషి బరువు యంత్రమునకు అంతటి విశేషమా అని సందేహము కలుగవచ్చును. కారు బరువు సుమారు 1,000 కిలోలు. అందు 55 కిలోలవాడు కూర్చున్నను, 95 కిలోలవాడు కూర్చున్నను వ్యత్యాసము 40 కిలోలు మాత్రమే; అది కారు బరువులో నూటికి నాలుగు పాళ్ళు. కారు దానిని లెక్కచేయదు. స్పోర్ట్ క్వాడ్ బరువు పెట్రోలుతో సహా సుమారు 180 కిలోలు. దాని మీద 95 కిలోల మనిషి యన్నచో, బండి బరువులో సగమునకు మించిన భారము వచ్చి కూర్చున్నదన్న మాట. ఆ భారము కూర్చున్నచోట కుదురుగా నుండదు. మలుపులో లోపలికి వాలును, ఎత్తెక్కునపుడు ముందునకు వంగును, దిగునపుడు వెనుకకు జరుగును, గతుకులలో కాళ్ళమీద నిలబడును. క్వాడ్‌కు మనిషి ప్రయాణికుడు కాడు. యంత్రములో కదలెడు భాగము.

ఈ సూత్రము మన పెద్దలకు క్రొత్తది కాదు. జట్కాబండ్లు తిరిగిన కాలములో బండివాడు జనమును ఎక్కించుకొని, గుర్రమును అదలించుటకు ముందు, “కొంచెం ముందుకు జరగండి బాబూ” అనియో, “వెనక్కి సర్దుకోండమ్మా” అనియో బతిమాలెడివాడు. వెనుక బరువు హెచ్చినచో బండి కాడి పైకి లేచును. ముందు బరువు హెచ్చినచో గుర్రము మెడ క్రుంగును. బండి క్రింద వంచిన ఇనుప పట్టెలకు ‘కమానులు’ అని పేరు. కమాను అనగా పారశీక భాషలో విల్లు. విల్లు వంగి తిరిగి నిలుచు గుణమే గతుకును మ్రింగు గుణము. అయితే జట్కా కమాను ఒకే బిగువున నుండెడిది. అందుచేత సర్దుకొనవలసినవారు మనుష్యులే. క్వాడ్‌లో మనిషిని బట్టి కమానును సర్దవచ్చును. సదుపాయమున్నను సర్దకపోవుటయే విచారకరము.

గాలి చక్రముల నుండి స్ప్రింగుల వరకు

ఈ జాతి బండ్ల చరిత్ర అర్ధశతాబ్దమునకు కొంచెము మించినది. 1970లో జపానుకు చెందిన హోండా సంస్థ అమెరికా విపణిలో యు.ఎస్. 90 అను మూడు చక్రముల బండిని ప్రవేశపెట్టెను. దానికి స్ప్రింగులు లేవు. తక్కువ గాలితో బుడగలవలె ఉబ్బిన చక్రములే గతుకులను కొంతవరకు మ్రింగెడివి. వేగము పెరిగిన కొలది ఆ ఉపాయము చాలలేదు. ఉబ్బిన రబ్బరు చక్రము బంతి వంటిది. నేలను తాకి ఎగిరిపడును, ఆ ఎగురుటను ఆపువారు లేరు.

1980 తరువాతి దశకములో నాలుగు చక్రముల బండ్లు వచ్చెను. 1985లో సుజుకి సంస్థ ఎల్.టి. 250 ఆర్ అను పందెపు క్వాడ్‌ను, 1986లో హోండా టి.ఆర్.ఎక్స్. 250 ఆర్‌ను, 1987లో యమహా బ్యాన్షీని విడుదల చేసెను. వీనికి ముందు చక్రములు రెండును వేర్వేరుగా కదలెడు చేతులు, వెనుక ఒకే ఇరుసును మోయు స్వింగ్ ఆర్మ్ అమర్చబడెను. నేటి స్పోర్ట్ క్వాడ్‌ల నిర్మాణము స్థూలముగా ఇదియే: ముందు రెండు షాక్ అబ్జార్బర్లు, వెనుక ఒకటి. యమహా వై.ఎఫ్.జెడ్. 450 ఆర్ వంటి బండిలో ముందు చక్రము సుమారు 25 సెంటీమీటర్లు, వెనుక చక్రములు సుమారు 28 సెంటీమీటర్లు పైకి క్రిందికి కదలగలవు. జానెడు పైచిలుకు గల ఈ కదలికయే రౌతు వెన్నెముకకును, నేలకును నడుమనున్న ధనము. దానిని ఎట్లు ఖర్చుపెట్టవలెనన్నదే సర్దుబాటు విద్య.

కర్మాగారము ఈ ధనమును ఒక సగటు మనిషి పేర నిర్ణయించి పంపును. బండి కొనువాడు ఎవడో దానికి తెలియదు గనుక వేరొక మార్గము లేదు. కాని తరగతి సగటు మార్కు ఆ తరగతిలో ఏ ఒక్క విద్యార్థి మార్కును కాకపోవచ్చునని ఉపాధ్యాయులకు తెలిసినదే. సగటు బరువు సంగతియు అంతియే.

స్ప్రింగు ధర్మము

స్ప్రింగును గూర్చిన మూల సూత్రమును ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ 1678లో వివరముగా ప్రకటించెను. బలమెంతయో సాగుట అంత. బలము రెట్టింపైన సాగుటయు రెట్టింపగును. నొక్కునపుడును ఇదే నియమము. ఒక సెంటీమీటరు క్రుంగుటకు 10 కిలోల భారము కావలసిన స్ప్రింగు, రెండు సెంటీమీటర్లు క్రుంగుటకు 20 కిలోలు కోరును. ఈ నిష్పత్తినే స్ప్రింగు గట్టిదనము అందురు. అది తీగ మందమును, చుట్ల సంఖ్యను, చుట్టు వ్యాసమును, లోహమును బట్టి పుట్టుకతో వచ్చినది. స్ప్రింగును మార్చిననే తప్ప అది మారదు.

ఇచ్చటనే చాలమంది పొరబడుదురు. షాక్ అబ్జార్బరు మీద మరలు గల ఉంగరము నొకదానిని స్పానరుతో త్రిప్పి స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచవచ్చును. దీనికి ‘ప్రీలోడ్’ అని పేరు. ముందు బిగువు అనవచ్చును. ఉంగరము బిగించినచో బండి గట్టిపడినదని సామాన్యముగా అనుకొందురు. గట్టిపడలేదు, ఎత్తు పెరిగినది. 10 కిలోలకు ఒక సెంటీమీటరు క్రుంగెడు స్ప్రింగుపై 60 కిలోలు ఉంచినచో 6 సెంటీమీటర్లు క్రుంగును. ముందుగా 2 సెంటీమీటర్లు బిగించి అదే భారము ఉంచినచో 4 సెంటీమీటర్లు మాత్రమే క్రుంగును. కాని అటుపైన మరియొక సెంటీమీటరు క్రుంగుటకు మునుపటివలె 10 కిలోలే చాలును. ముందు బిగువు స్ప్రింగు స్వభావమును మార్చదు. అది పని ఎచ్చట మొదలుపెట్టవలెనో మాత్రమే నిర్ణయించును.

విద్యార్థులు దీనిని చూచుటకు దూరము పోనక్కరలేదు. మన వీధులలో తిరుగు అనేక మోటారు సైకిళ్ళ వెనుక షాక్ అబ్జార్బరు మీద మెట్లు మెట్లుగా కోసిన ఉంగరము ఒకటి కనబడును. వెనుక మరియొకరిని ఎక్కించుకొనునపుడు దానిని ఒకటి రెండు మెట్లు బిగించుటకే ఆ ఏర్పాటు. ఏండ్ల తరబడి బండి నడిపియు దానిని ఒక్కమారైనను త్రిప్పనివారు పెక్కురు.

కొలత

సర్దుబాటునకు మొదటి మెట్టు కొలత. కావలసినవి ఒక టేపు, ఒక నోటు పుస్తకము, తోడుగా ఒక మనిషి. ముందుగా నాలుగు చక్రములలో గాలి సరిచూడవలెను. క్వాడ్ చక్రములలో గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు నాలుగైదు పౌనుల ప్రాంతమున, మిక్కిలి తక్కువగా నుండును. ఆ చక్రములును ఒక విధమగు స్ప్రింగులే గనుక, వానిలో గాలి తేడా యున్నచో తక్కిన కొలతలన్నియు తప్పును.

పిమ్మట బండిని పైకెత్తి చక్రములు గాలిలో వ్రేలాడునట్లు ఉంచి, ఇరుసు మధ్య నుండి పైన చట్రముపై ఒక గుర్తు వరకు నిలువుగా కొలువవలెను. ఇది మొదటి కొలత. బండిని దింపి, రెండు మూడు మార్లు నొక్కి వదలి, ఎవరును ఎక్కకుండ అవే గుర్తుల నడుమ కొలువవలెను. ఇది రెండవది. ఆ తరువాత రౌతు ఎక్కి, తాను నడుపు తీరున కూర్చుండగా తోడున్నవాడు మూడవ కొలత తీయవలెను. రౌతు ఇంటి దుస్తులతో ఎక్కరాదు. శిరస్త్రాణము, బూట్లు, రొమ్ము కవచము ధరించియే ఎక్కవలెను. అవియును కొన్ని కిలోల బరువు తూగును.

మొదటి దానికిని మూడవ దానికిని గల తేడా రౌతుతో బండి క్రుంగిన కొలత. మొదటి దానికిని రెండవ దానికిని గల తేడా బండి తన బరువుతో తాను క్రుంగిన కొలత. రౌతుతో క్రుంగుట మొత్తము కదలికలో నాల్గవ వంతు నుండి మూడవ వంతు వరకు ఉండుట మంచిదని సామాన్య నియమము. క్రుంగుట దోషము కదా, అసలు క్రుంగకున్న మేలు కదా అని అనిపించవచ్చును. నేలపై మిట్టలే కాదు, గుంటలును కలవు. మిట్ట వచ్చినపుడు చక్రము పైకి పోవుటకు చోటు ఉండవలెను; గుంట వచ్చినపుడు క్రిందికి జారి నేలను అంటియుండుటకును చోటు ఉండవలెను. ముందుగా కొంత క్రుంగియున్న చక్రమే గుంటలోనికి దిగగలదు. నేలను విడిచిన చక్రము మలుపు తిప్పలేదు, బ్రేకు పట్టలేదు.

రెండవ కొలత ఎందులకో ఒక లెక్కతో తెలియును. బోధన కొరకు సులభమైన అంకెలు తీసికొందము. వెనుక చక్రముల కదలిక 30 సెంటీమీటర్లు; రౌతుతో క్రుంగవలసినది అందులో మూడవ వంతు, అనగా 10. వెనుక భాగమున బండి భారము 100 కిలోలు. కుమారుని బరువులో 40 కిలోలు, తండ్రి బరువులో 70 కిలోలు వెనుకకు వచ్చుననుకొందము. సెంటీమీటరునకు 7 కిలోలు కోరు మెత్తని స్ప్రింగుపై కుమారుడు ఎక్కగా మొత్తము 140 కిలోలు. 20 సెంటీమీటర్లు క్రుంగవలెను. ముందు బిగువు 10 సెంటీమీటర్లు ఇచ్చినచో సరిగా 10 క్రుంగును. అతడు దిగినపుడు బండి తన బరువుతో 4 సెంటీమీటర్లకు కొంచెము పైగా క్రుంగియుండును. ఇది ఆరోగ్యకరము. అదే స్ప్రింగుపై తండ్రి ఎక్కగా 170 కిలోలు. అతనికి 10 మాత్రమే క్రుంగవలెనన్న ముందు బిగువు 14 సెంటీమీటర్లు దాటవలెను. అప్పుడు అతడు దిగినచో బండి రవ్వంతయు క్రుంగదు. చక్రములు క్రింది అంచునకు పోయి కొట్టుకొనుచుండును. రౌతుతో కొలత సరిపోయి, బండి తనంత తాను క్రుంగనిచో, ఆ స్ప్రింగు ఆ మనిషికి మెత్తనిదని అర్థము. ఉంగరము బిగించుట వలన ప్రయోజనము లేదు, స్ప్రింగునే మార్చవలెను. సెంటీమీటరునకు 10 కిలోల స్ప్రింగు వేసి 7 సెంటీమీటర్లు బిగించినచో తండ్రితో 10, వట్టి బండితో 3 క్రుంగును. బండి తనంత తానే మితిమీరి క్రుంగుచున్నచో స్ప్రింగు మరీ గట్టిదని తలపవలెను.

ఇప్పుడు ఇసుక దిబ్బపై నున్న కుమారుని సంగతి చూడవచ్చును. తండ్రి కొరకు సర్దిన ఆ గట్టి స్ప్రింగుపై అతడు ఎక్కినచో బండి 10కి బదులు 7 సెంటీమీటర్లు మాత్రమే క్రుంగును. వెనుక భాగము 3 సెంటీమీటర్లు ఎత్తుగా నిలుచును. బరువు ముందునకు ఒరగును. చక్రము గుంటలోనికి దిగుటకు చోటు తగ్గును. తండ్రి బరువును ఎత్తుటకు ఏర్పడిన బలము తేలికైన దేహమును విసరివేయును.

పై లెక్కలో అన్ని అంకెలును చక్రము వద్దివి. వాస్తవమున షాక్ అబ్జార్బరు చక్రమునకు దూరముగా, మీట మధ్యభాగమున ఉన్నట్లు అమర్చబడును. చక్రము కదలినంత దూరము అది కదలదు. అందుచేత ఉంగరము కొన్ని మిల్లీమీటర్లు జరిగినను బండి ఎత్తులో అంతకు మించిన మార్పు కనబడును.

నూనె చేయు పని

స్ప్రింగు గతుకును మ్రింగును గాని జీర్ణించుకొనలేదు. తీసికొన్న బలమును తిరిగి వెళ్ళగ్రక్కును. స్ప్రింగు మాత్రమే యున్నచో బండి ఒక గతుకునకు పదిమార్లు ఊగును. ఆ ఊగుటను ఆపునది షాక్ అబ్జార్బరులోని నూనె. గొట్టములో నూనె నిండియుండును. దానిలో సన్నని రంధ్రములు గల ముషలకము కదలును. పిచికారీతో నీరు చిమ్మిన పిల్లలందరికి దీని ధర్మము తెలియును. మెల్లగా నొక్కిన నీరు సులభముగా వెడలును. వేగముగా నొక్కిన చేయి నొచ్చునంతగా ఎదురు తిరుగును. గతుకు బలము ఈ విధముగా వేడిగా మారి గాలిలో కలియును. వేడికి నూనె నురుగు కట్టకుండుటకు మంచి షాక్ అబ్జార్బర్లలో ఒక ప్రక్క గదిలో నత్రజని వాయువును ఒత్తిడితో నింపుదురు.

ఈ నూనె దారులను పెద్దవి, చిన్నవి చేయుటకు మరలుండును. ఒకటి చక్రము పైకి వచ్చునపుడు అడ్డగించునది. దానిని కంప్రెషన్ అందురు. రెండవది స్ప్రింగు తిరిగి లేచునపుడు అడ్డగించునది, అది రీబౌండ్. మరను త్రిప్పునపుడు ‘క్లిక్కు’మని చప్పుడగును. పూర్తిగా మూసిన స్థానము నుండి ఎన్ని క్లిక్కులు తెరచితిమో లెక్కించుట పద్ధతి.

కార్యాలయములలో తలుపు తనంత తాను మెల్లగా మూసికొనుటకు పైన ఒక నూనె యంత్రము అమర్చుట కలదు. అందు నూనె దారి మరీ తెరచియున్నచో తలుపు ధడాలున కొట్టుకొనును. మరీ బిగించినచో ఒకరి వెనుక ఒకరు వచ్చుచుండగా తలుపు ఎన్నటికిని మూసికొనదు. రీబౌండ్ సంగతి అచ్చముగా ఇంతియే. అది చాలనిచో దిబ్బ దాటగనే స్ప్రింగు బండి వెనుక భాగమును గుర్రము తన్నినట్లు ఎగురవేయును. అది మితిమీరినచో వరుస గతుకులలో చక్రము ఒకదాని నుండి లేవకమునుపే రెండవది తగులును. బండి మెట్టుమెట్టుగా క్రుంగి, కదలిక అంతయు హరించుకుపోయి, స్ప్రింగు లేని బండి వలె గట్టిపడును. రౌతు దీనిని చూచి, “స్ప్రింగు మెత్తబడినది” అని ఉంగరము బిగించును. రోగమొకటి, మందొకటి. మెత్తని స్ప్రింగునకును, మందమైన రీబౌండ్‌కును లక్షణము ఒకటే కనబడుటచే ఈ పొరపాటు మిక్కిలి తరచు.

తండ్రీ కొడుకుల ఉదాహరణములో రీబౌండ్ పాత్రయు కలదు. గట్టి స్ప్రింగు బలముగా లేచును గనుక దానికి హెచ్చు రీబౌండ్ కావలెను. స్ప్రింగు మార్చి, నూనె మరను మునుపటి చోటనే విడిచినచో సగము పనియే అయినట్లు. బిగువు, నూనె రెండును కలిసి ఒకే మనిషికి కుదురవలెను.

నడక తీరు

సమాన బరువు గల ఇద్దరికిని ఒకే సర్దుబాటు చాలదు. ఎచ్చట నడుపుదురు, ఎట్లు నడుపుదురు అనునవియు చూడవలెను. మోటోక్రాస్ పందెములలో బండి మనిషి ఎత్తునకు మించి ఎగిరి నేలకు దిగును. ఆ దెబ్బను ఓర్చుటకు కంప్రెషన్ హెచ్చుగా ఉండవలెను. అడవి దారిలో చెట్ల వేళ్ళ మీదుగా, రాళ్ళ మీదుగా గంటల తరబడి పోవువానికి ఆ గట్టిదనము శిక్ష. చేతులు తిమ్మిరెక్కి పట్టు జారును. అతనికి మెత్తని సర్దుబాటు కావలెను. చదునైన మట్టి బాటపై మలుపులు కొట్టు పందెగాడు బండిని నేలకు దగ్గరగా దింపి, గట్టిపరచి, వెడల్పు చేసికొనును. ప్రక్కకు ఒరగకుండుటయే అతనికి ముఖ్యము.

ఈ విరుద్ధ అవసరములను కొంతవరకు ఒకటిగా కూర్చుటకు ముందు షాక్ అబ్జార్బర్లలో రెండు మూడు స్ప్రింగులను ఒకదానిపై నొకటి పేర్చు పద్ధతి కలదు. సమానమైన రెండు స్ప్రింగులను అట్లు పేర్చినచో కలిసి సగము గట్టిదనమే చూపును. చిన్న గతుకులలో ఆ మెత్తదనము పనిచేయును. లోతుగా క్రుంగినపుడు నడుమ నున్న ఉంగరము ఒక స్ప్రింగును అడ్డి నిలుపును. అటుపైన మిగిలినది ఒక్కటే పనిచేయును గనుక గట్టిదనము ఒక్కసారి హెచ్చును.

నిలబడి నడుపువానికిని, కూర్చుండి నడుపువానికిని గూడ భేదము కలదు. మోకాళ్ళు కొంచెము వంచి నిలబడినవాని కాళ్ళు తామే మరియొక జత షాక్ అబ్జార్బర్లు. కూర్చున్నవానికి గతుకు నేరుగా వెన్నెముకకు పోవును. దక్షిణ అమెరికాకు తరలిన 2009 నుండి 2024 వరకు డకార్ ర్యాలీలో క్వాడ్‌లకు ప్రత్యేక విభాగము ఉండెడిది. అర్జెంటీనాకు చెందిన పట్రొనెల్లి సోదరులలో మార్కోస్ 2010, 2013, 2016 సంవత్సరములలోను, అలెహాండ్రో 2011, 2012లలోను అందు విజేతలైరి. అట్టి పందెములలో మరియొక చిక్కు కలదు. ఉదయము నిండు పెట్రోలుతో బయలుదేరిన బండి మార్గమున తేలికపడుచుండును. ఒకే దినమున బండి బరువే మారుచుండగా, సర్దుబాటు రెంటి నడుమ కుదిరిన ఒడంబడిక కాక తప్పదు.

ఒక్క మార్పు, ఒక్క వ్రాత

ఈ విద్యలో ఆరితేరినవారు పాటించు నియమము విజ్ఞాన శాస్త్ర ప్రయోగశాలలో ఉపాధ్యాయుడు చెప్పు నియమమే. ఒకసారి ఒక్కటి మాత్రమే మార్చవలెను. రీబౌండ్ రెండు క్లిక్కులు మార్చినచో, అదే దారిలో, అదే వేగముతో, అదే రౌతు నడిపి చూడవలెను. మేలు కలిగెనా, కీడు కలిగెనా, ఏమియు తెలియలేదా అన్నది వ్రాసికొనవలెను. మూడు మరలు ఒకేసారి త్రిప్పి బండి బాగుపడినచో ఏది బాగుచేసెనో తెలియదు. చెడినచో ఏది చెరిచెనో తెలియదు.

కంటికి సాక్ష్యముగా షాక్ అబ్జార్బరు కడ్డీకి సన్నని ప్లాస్టిక్ పట్టీ నొకదానిని చుట్టుదురు. కదలిక ఎంతవరకు పోయెనో అది జరిగి చూపును. ప్రతి గతుకునకు అడుగు తగులుచున్నచో మెత్తనిది. దినమంతయు నడిపినను సగము దాటనిచో గట్టిది. దారిలో అన్నిటికంటె పెద్ద దెబ్బకు మాత్రము అంచు వరకు పోయినచో ఉన్న ధనమంతయు సద్వినియోగమైనట్లు. ఎన్నడును అడుగు తగులరాదని పంతము పట్టి బిగించుకొనువారు, ఆ ఒక్క దెబ్బ కొరకు తక్కిన వేయి గతుకులను వెన్నెముకపై మోయుదురు.

సర్దుబాటునకు హద్దు

ఇది ఆటబండి సంగతియే కదా అని తేలికగా తీసికొనరాదు. మూడు చక్రముల బండ్లపై ప్రమాదములు ప్రబలగా, 1988లో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంఘముతో కుదిరిన న్యాయస్థానపు ఒడంబడికను బట్టి తయారీదారులు వాని అమ్మకమును నిలిపివేసిరి. 2008లో చేసిన చట్టము నాలుగు చక్రముల బండ్ల భద్రతా ప్రమాణములను విధిగా పాటించునట్లు చేసెను. పదునారేండ్లు నిండనివారు ఈ బండ్లు నడుపరాదని అమెరికాలోని శిశువైద్యుల అకాడమీ సలహా. పెద్దల బండిని ఎంత మెత్తగా సర్దినను అది పిల్లల బండి కాదు. స్ప్రింగును బరువునకు కుదుర్చవచ్చును. ఇంజను బలమును పసివాని బుద్ధికి, చేతి బలమునకు కుదుర్చు ఉంగరము ఏదియు లేదు. శిరస్త్రాణమునకు బదులైన సర్దుబాటును లేదు.

మన దేశమున కొన్ని విహార స్థలములలో ఇట్టి బండ్లను అద్దెకిచ్చుట కలదు. గంటకొకరు ఎక్కు ఆ బండి ఎవరికొరకును సర్దినది కాదు. ఎక్కువారు ఆ సంగతి నెరిగి మెల్లగా పోవుట వారి చేతిలోని పని.

ఇసుక దిబ్బ వద్ద తండ్రి చేయవలసినది పెద్ద పని కాదు. నోటు పుస్తకములో రెండు పుటలు ఉండవలెను: ఒకటి తన పేర, ఒకటి కుమారుని పేర. ఒక్కొక్క పుటలో బరువు, గాలి, మూడు కొలతలు, క్లిక్కుల లెక్క. కుమారుడు ఎక్కుటకు ముందు ఉంగరమును అతని గుర్తు వరకు వదులు చేసి, మరలను అతని లెక్కకు త్రిప్పి, టేపుతో ఒకమారు సరిచూడవలెను. కొలతలు వ్రాసియున్నచో అందులకు పట్టు కాలము స్వల్పము. ఇద్దరి బరువులకు ఒకే స్ప్రింగు పూర్తిగా కుదురదు. అయినను వెనుక భాగము దిగును, తన్ను తగ్గును. స్ప్రింగు మార్చు వరకు ఆ దిబ్బను కుమారుడు మెల్లగా దాటవలెనని చెప్పుటయు తండ్రి పనియే.